ముందు ఫొటో, తర్వాత చీపురు

మన ఇళ్లలో అద్దం పగిలితే మొట్టమొదట పరిగెత్తుకొచ్చేది చీపురు. పగిలిన అద్దం ఇంట్లో ఉండకూడదని పెద్దవాళ్ల మాట, పిల్లల కాళ్లకు గుచ్చుకుంటుందని మన భయం. ఐదు నిమిషాల్లో ముక్కలన్నీ చేటకెత్తి బయట పడేస్తాం. సాయంత్రం ఫోన్లో ఎవరో, "ఇంటికి ఇన్సూరెన్స్ ఉందన్నావు కదా, అడగలేకపోయావా?" అంటారు. అప్పటికి చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. ఆధారమంతా చెత్తబండి ఎక్కి వెళ్లిపోయింది.

పెద్దవాళ్ల మాట కాదనక్కర్లేదు. ముక్కలు హాల్లో ఉండకపోతే చాలు, బాల్కనీ మూలన అట్టపెట్టెలో ఉండొచ్చు. ముందు పిల్లల్ని, పెంపుడు కుక్కని వేరే గదిలోకి పంపండి. కాళ్లకు చెప్పులు వేసుకోండి, ఇంట్లో చెప్పులేమిటన్న పట్టింపు ఆ పూటకు పక్కన పెట్టండి. ఫ్రేములో వేలాడుతున్న ముక్కను చేత్తో లాగొద్దు. ఇక ఫోన్ తీయండి.

మొదట గుమ్మం దగ్గర నిలబడి గది మొత్తం వచ్చేలా ఒక ఫొటో. తర్వాత కిటికీ లేదా తలుపు, ఫ్రేముతో సహా. ఆ తర్వాత ముక్కలు లోపలికి పడ్డాయా, బయటికి పడ్డాయా తెలిసేలా ఇంకొకటి. బయటి నుంచి దెబ్బ తగిలితే మామూలుగా ఎక్కువ ముక్కలు లోపలికే పడతాయి, ఆ సంగతి నష్టాన్ని లెక్కకట్టడానికి వచ్చే సర్వేయర్‌కి తెలుసు. దెబ్బ కొట్టిన వస్తువు కొమ్మో, ఎగిరొచ్చిన రేకో, పూలకుండీయో ఏదైతే అది, కదిలించకముందే తీయండి. చివరగా ఒక ముక్క అంచు పక్కన స్కేలు పెట్టి దగ్గరగా తీయండి. అద్దం మందం 5 ఎంఎమ్మా, 8 ఎంఎమ్మా అన్న దగ్గర రేపు బిల్లులో వాదన వస్తుంది. ఈ ఫొటోలను ఫోన్లోంచి చెరిపేయొద్దు. వాట్సాప్‌లో పంపితే ఫొటోలో దాగి ఉండే తేదీ, సమయం వివరాలు పోతాయి. అసలు ఫైళ్లను దాచి ఉంచుకోండి.

ఇంత హడావుడి ఎందుకంటే, ఇన్సూరెన్స్ కంపెనీ అడిగే మొదటి ప్రశ్న "దేనివల్ల పగిలింది?" అని. ఎంత పెద్ద అద్దం, ఎంత ఖరీదు అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. ఒకే కొలత, ఒకే ధర ఉన్న రెండు అద్దాల్లో తుఫానుకు పగిలినదానికి డబ్బు వస్తుంది, దానంతటదే పగిలినదానికి రాదు. క్లెయిమ్ వ్యవహారమంతా ఈ ఒక్క తేడా చుట్టూ తిరుగుతుంది.

మీ దగ్గర ఉన్న పాలసీ ఏది?

చాలామందికి ఇంటి ఇన్సూరెన్స్ ఉందో లేదో కూడా తెలియదు. హోమ్ లోన్ తీసుకున్న రోజున బ్యాంకులో ముప్ఫై నలభై సంతకాలు పెట్టి ఉంటారు. వాటిలో ఇన్సూరెన్స్ కాగితం ఉండి ఉండవచ్చు. కానీ అందులో ఒక మెలిక ఉంది. బ్యాంకులు లోన్‌తో పాటు అంటగట్టేది ఎక్కువసార్లు లోన్ ప్రొటెక్షన్ పాలసీ. అది అప్పు తీసుకున్న మనిషికి ఏదైనా అయితే మిగిలిన అప్పు తీర్చే జీవిత బీమా. ఇంటి గోడకీ కిటికీకీ దానితో సంబంధం లేదు. లోన్ స్టేట్‌మెంట్‌లో ప్రీమియం కట్ అయిన చోట కంపెనీ పేరు చూడండి. పేరులో 'లైఫ్' ఉంటే అది మనిషికి, 'జనరల్' ఉంటే ఆస్తికి కావచ్చు. రెండోది ఉంటే బ్యాంకును అడిగి పాలసీ కాపీ తెచ్చుకోండి. లోన్ ఫైల్లో ఉందని ఊరుకోవద్దు.

మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ల అగ్ని బీమా చేసే ప్రతి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ ఒకే నమూనా పాలసీని అమ్మాలి. దాని పేరు భారత్ గృహ రక్ష. కంపెనీ ఏదైనా అందులోని మూల నిబంధనలు ఒకటే. అగ్ని, పేలుడు, పిడుగు, భూకంపం, తుఫాను, గాలివాన, వరద, కొండచరియలు విరిగిపడటం, అల్లర్లు, దురుద్దేశంతో చేసిన నష్టం, వాటర్ ట్యాంకు పగిలి పొర్లడం, బయటి వస్తువు ఏదైనా వచ్చి ఢీకొనడం, ఇవన్నీ జాబితాలో ఉన్నాయి. ఢీకొనే వస్తువుకు ఉదాహరణగా వాహనం, కూలిన చెట్టు, విమానం, గోడ అని రాశారు. ఒక తమాషా మినహాయింపు కూడా ఉంది: ధ్వనివేగాన్ని మించి పోయే విమానాల పీడన తరంగాల వల్ల జరిగిన నష్టానికి డబ్బు ఇవ్వరు. మన కిటికీలకు ఆ గండం ఎప్పుడోగానీ రాదు.

ఇంటి విలువ ఎంతకు రాయాలి అన్న దగ్గర చాలామంది ఫ్లాటు కొన్న ధర రాస్తారు. భూమికి ఇన్సూరెన్స్ ఉండదు. కార్పెట్ ఏరియాను కట్టుబడి ఖర్చుతో గుణించాలి. 1,200 చదరపు అడుగుల ఇంటికి అడుగు రూ.2,200 చొప్పున రూ.26.4 లక్షలు. ఇంటికి బీమా చేస్తే అందులో 20 శాతం దాకా, గరిష్ఠంగా రూ.10 లక్షలు, సామాన్లకు విడిగా జాబితా ఇవ్వకుండానే రక్షణ వస్తుంది. పై ఇంటికైతే అది రూ.5.28 లక్షలు. అద్దం విషయంలో ఇది ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చెబుతాను. డాబా మీది సోలార్ ప్యానెళ్లు ఇంటిలో భాగంగానే లెక్క. వాటి పై అద్దం పగిలితే ఈ పాలసీ గుర్తు తెచ్చుకోండి.

పాత పాలసీలు ఇలా లేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం టెర్మినల్ దగ్గర్నుంచి ఎత్తైన అపార్టుమెంట్ల దాకా అద్దాలు పిండి అయ్యాయి. అప్పట్లో ఇళ్లకు వాడే అగ్ని బీమాలో తుఫాను, వరద భాగాన్ని తీసేయించుకుని ప్రీమియం తగ్గించుకునే వీలుండేది. అలా తీసేయించుకున్నవాళ్లకు పాలసీ చేతిలో ఉన్నా తుఫాను నష్టం మీద హక్కు లేనట్టే. సముద్రతీర నగరంలో నాలుగు వందల రూపాయలకు కక్కుర్తి పడి తుఫానును వదులుకోవడం ఎంత తెలివితక్కువో వేరే చెప్పాలా? గృహ రక్షలో ఆ తీసివేత లేదు, అదే దాని గొప్ప.

కొన్ని ప్రభుత్వ రంగ కంపెనీలు అమ్మే హౌస్‌హోల్డర్స్ ప్యాకేజీ పాలసీలో 'ప్లేట్ గ్లాస్' అని విడి భాగం ఉంటుంది. ఫ్రేములో బిగించిన అద్దం ప్రమాదవశాత్తు పగిలితే దాని కింద అడగవచ్చు. గీతలకు, అంచు పెచ్చులకు, మార్పులు చేయిస్తుండగా పగిలినదానికి మామూలుగా వర్తించదు. ఇంటి ముందుభాగమంతా అద్దమే పెట్టుకున్నవాళ్లు ఈ భాగం గురించి ఏజెంటును గట్టిగా అడగాలి.

దానంతటదే పగిలితే

గాలి లేదు, ఎవరూ ముట్టుకోలేదు. అర్ధరాత్రి బాత్రూములో ఢాం అని చప్పుడు. లైటు వేసి చూస్తే షవర్ అద్దం రాళ్ల ఉప్పులా కుప్పపోసి ఉంది. ఇది టఫెన్డ్ గ్లాస్ లక్షణం. ఆ అద్దాన్ని తయారీలో బాగా వేడిచేసి ఒక్కసారిగా చల్లబరుస్తారు. దాంతో పై పొరలు లోపలికి నొక్కుకుని, మధ్య పొర బయటికి లాగుతూ ఉంటుంది. మామూలు అద్దం కంటే ఎన్నో రెట్లు గట్టిది, కానీ పగిలితే ఒక్క ముక్క కాదు, మొత్తం పోతుంది. తయారీలో ఎక్కడో ఇరుక్కున్న నికెల్ సల్ఫైడ్ రేణువు ఏళ్ల తరబడి మెల్లగా ఉబ్బి, ఒకరోజు ఆ మధ్య పొరను చీల్చేస్తుంది. బిగించేటప్పుడు అంచుకు తగిలిన చిన్న దెబ్బ కూడా అదే పని చేస్తుంది. ముక్కలు రాలిపోకుండా ఫ్రేములో నిలిచి ఉంటే, పగులు మొదలైన చోట సీతాకోకచిలుక రెక్కల్లా రెండు పెద్ద ముక్కలు కనిపించవచ్చు. అది నికెల్ సల్ఫైడ్ పనికి గుర్తు. ముట్టుకునే ముందు ఫొటో తీయండి.

గృహ రక్ష పాలసీ ఈ నష్టానికి డబ్బివ్వదు. జాబితాలోని ప్రమాదం ఏదీ ఇక్కడ జరగలేదు. కొట్లాడి లాభం లేదు, వేరే తలుపు తట్టాలి. కొత్త అపార్టుమెంటైతే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) సెక్షన్ 14(3) ప్రకారం, స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ల లోపు పనితనంలో, నాణ్యతలో బయటపడిన లోపాన్ని బిల్డరే ఉచితంగా సరిచేయాలి. ఆ సీతాకోకచిలుక ఫొటో జతచేసి బిల్డర్‌కు రాతపూర్వకంగా పంపండి. ఇల్లు పాతదైతే అద్దం బిగించినవాడి వారంటీ చూడండి. గాజు పైభాగం ఉన్న గ్యాస్ స్టవ్ పగిలినా ఇదే దారి: కొన్న బిల్లు, వారంటీ కార్డు. కొత్తగా షవర్ అద్దం వేయించుకునేటప్పుడు 'హీట్ సోక్' పరీక్ష చేసిన గ్లాసు ఇమ్మనండి. బలహీనమైన అద్దాలు మన బాత్రూములో కాకుండా ఫ్యాక్టరీ కొలిమిలోనే పగిలేలా చేసే పరీక్ష అది.

అటూ ఇటూ తేలని కేసులు ఇంకొన్ని ఉన్నాయి. పక్కింటి పిల్లాడి క్రికెట్ బంతి కిటికీకి తగిలిందనుకోండి. పాలసీ మాటల ప్రకారం బయటి వస్తువు ఢీకొన్నట్టే. కానీ సాయంత్రానికి ఆ పిల్లాడి నాన్న వచ్చి, "అన్నగారూ, ఎంతయిందో చెప్పండి, నేనిస్తా" అంటే పుచ్చుకుని ఊరుకోండి. ఆయన దగ్గర తీసుకుని కంపెనీనీ అడిగితే అది మోసం. కంపెనీనే అడగాలనుకుంటే "మీ మీద నాకే హక్కూ లేదు" అని ఆయనకు కాగితం రాసివ్వొద్దు. క్లెయిమ్ చెల్లించాక కారణమైనవారి నుంచి వసూలు చేసుకునే హక్కు కంపెనీకి వెళుతుంది, మీ కాగితం ఆ హక్కును చంపేస్తుంది. హైదరాబాద్ శివార్లలో సెల్లార్ల కోసం బండలు పేల్చి కిటికీలు పగలగొడుతుంటారు. అక్కడ మొదట పోలీస్ ఫిర్యాదు, తర్వాతే క్లెయిమ్. కోతులు డాబా మీది సోలార్ వాటర్ హీటర్ గాజు గొట్టాలు విరగ్గొడితే అది 'బయటి వస్తువు' అవుతుందా అన్నదానిపై వాదన తప్పదు. అడగండి, కానీ ఆశ పెట్టుకుని కొత్త గొట్టాలు కొనడం ఆపొద్దు. దొంగ కిటికీ పగలగొట్టి వస్తే ఇంకో చిక్కు: గృహ రక్షలో దొంగతనానికి విడిగా రక్షణ లేదు. తుఫాను వంటి బీమా ప్రమాదం వల్ల, అది జరిగిన ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికే ఉంటుంది. దొంగతనం రక్షణ విడిగా కొనుక్కోవాలి.

ఏం రాయాలి, ఎవరికి చూపించాలి

ఫొటోలయ్యాక వెంటనే కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు చెప్పి, అదే రోజు ఈమెయిల్ పంపండి. కాల్ సెంటర్ మాటలు రికార్డవుతాయి. మనకు మర్యాదకొద్దీ ఎక్కువ మాట్లాడే అలవాటు: "ఎలాగూ పాతబడింది సార్, మార్చాలనే అనుకుంటున్నాం." ఆ ఒక్క మాట పట్టుకుని అరిగిపోయిన వస్తువు అని రాసేస్తారు. అబద్ధం చెప్పమని కాదు. చూసింది చెప్పండి, ఊహించింది వద్దు. ఈమెయిల్ ఇంత ఉంటే సరిపోతుంది:

"పాలసీ నంబరు ఫలానా. నిన్న రాత్రి సుమారు 9.40కి ఈదురుగాలికి పక్క స్థలంలోని వేపకొమ్మ విరిగి మా హాలు బాల్కనీ తలుపు మీద పడింది. రెండు అద్దాలు పగిలాయి, అల్యూమినియం ఫ్రేము వంగింది. వాననీరు లోపలికి వచ్చి సోఫా, టీవీ, చెక్క బీరువా అడుగుభాగం తడిశాయి. ఇంకా నీరు రాకుండా ఈ ఉదయం ప్లాస్టిక్ షీటు కట్టించాం, దాని బిల్లు ఉంది. కొమ్మను, ముక్కలను అలాగే ఉంచాం. ఫొటోలు జతచేశాం. సర్వేయర్‌ను పంపగలరు."

అందులో సోఫా, టీవీ, బీరువా ఉన్నాయి, చూశారా? కిటికీ అద్దం నష్టంలో పెద్ద మొత్తం చాలాసార్లు అద్దానిది కాదు, ఆ ఖాళీలోంచి వచ్చిన నీటిది. నాలుగు వేల అద్దానికి నలభై వేల సామాను పాడవుతుంది. పైన చెప్పిన 20 శాతం సామాన్ల రక్షణ పనికొచ్చేది ఇక్కడే. అన్నీ ఒకే క్లెయిమ్‌లో రాయండి, నెల తర్వాత గుర్తొచ్చి విడిగా అడిగితే నమ్మరు. అలాగని పగిలిన కిటికీని రెండో వానకీ తెరిచి ఉంచి టీవీని తడవనిస్తే ఆ నష్టం మీదే. నష్టం పెరగకుండా చూసుకోవడం మీ బాధ్యత అని పాలసీలోనే ఉంది. అందుకే ప్లాస్టిక్ షీటు, దాని బిల్లు. క్లెయిమ్ ఫారం 30 రోజుల్లోపు ఇవ్వాలి. మర్నాటి దినపత్రిక జిల్లా పేజీలో మీ ప్రాంతపు గాలివాన వార్త వస్తే దాన్నీ కత్తిరించి జతచేయండి.

ఇక గ్లాసు షాపు. అక్కడ సిగరెట్ పెట్టె అట్ట మీద "గ్లాసు, కూలీ మొత్తం 6,500" అని రాసిచ్చే అలవాటు ఇంకా పోలేదు. దాన్ని సర్వేయర్ ఒప్పుకోడు. జీఎస్టీ బిల్లు అడగండి. అందులో అద్దం కొలత, మందం, రకం, అడుగు ధర ఒక వరుసలో, రబ్బరు, బీడింగ్ ఇంకో వరుసలో, కూలీ విడిగా ఉండాలి. కొన్ని షాపులు కొలతను పైకి సవరించి లెక్క కడతాయి, 34 అంగుళాలు 36 అవుతుంది. సర్వేయర్ టేపు పెడితే 34 వస్తుంది, మీరు అబద్ధమాడినట్టు అవుతుంది. అసలు కొలత, లెక్క కట్టిన కొలత రెండూ రాయించుకోండి. పగిలింది 5 ఎంఎం మామూలు అద్దమైతే కంపెనీ దానికే ఇస్తుంది. ఈసారి టఫెన్డ్ వేయించుకుందామనుకుంటే, నా ఓటు కూడా దానికే, కానీ తేడా డబ్బు మీ జేబులోది.

సర్వేయర్ కంపెనీ ఉద్యోగి కాదు, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉన్న మనిషి. ఫీజు మాత్రం కంపెనీ ఇస్తుంది. ఆయన వచ్చేటప్పుడు ఇంట్లో ఉండండి, వెంట తిరిగి చూపించండి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టమంటే పెట్టొద్దు. 2024 నాటి ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, ఆయన నివేదిక 15 రోజుల్లో రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ అవునో కాదో తేల్చాలి. ఈ గడువులు మీ ఈమెయిల్లో ప్రస్తావించండి. మీకు తెలుసని వాళ్లకు తెలిస్తే ఫైలు కొంచెం వేగంగా కదులుతుంది. చిన్న నష్టాలకు సర్వేయర్ రాకుండా వీడియో కాల్లోనే తేల్చేయడమూ ఇప్పుడు మామూలే. ఆ మాట వాళ్లు ఖరారు చేసేదాకా ముక్కల పెట్టె పారేయొద్దు. పారేసేటప్పుడు నాలుగు మడతల పేపర్లో చుట్టి, పైన 'గాజు' అని రాసి మునిసిపాలిటీ మనిషి చేతికి చెప్పి ఇవ్వండి.

పదిహేను వందల రూపాయల అద్దానికి ఇదంతా చేయాలా? వద్దంటాను. పాలసీ షెడ్యూల్‌లో 'ఎక్సెస్' అని ఎంత మొత్తం మీ వాటాగా రాసి ఉందో చూడండి, ఉంటే అది పోను మిగిలేదెంతో లెక్కేయండి. మిగిలేది ఒక రోజు సెలవు ఖరీదు కూడా కాకపోతే గ్లాసు షాపుకు డబ్బిచ్చి మర్చిపోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే ఈ లెక్క ఇంకా కఠినం. డాలస్ చుట్టుపక్కల వడగళ్లకు కిటికీలు, పైకప్పులు పోవడం ఏటా ఉండేదే. అక్కడి పాలసీల్లో గాలి, వడగళ్ల నష్టానికి డిడక్టిబుల్‌ను ఇంటి బీమా మొత్తంలో ఒకటి రెండు శాతంగా పెట్టడం మామూలు. 4 లక్షల డాలర్ల ఇంటికి రెండు శాతమంటే మొదటి 8,000 డాలర్లు మీవే. పైగా మీరు చేసిన క్లెయిమ్ ఏడేళ్ల దాకా కంపెనీలు చూసుకునే రికార్డులో ఉంటుంది. రెండు కిటికీల కోసం అక్కడ క్లెయిమ్ వేయడం చేతులారా నష్టపోవడమే.

ఇక్కడ పెద్ద నష్టమై, కంపెనీ కాదన్నా, సగమే ఇస్తామన్నా వదిలేయకండి. 'పూర్తి, తుది పరిష్కారం' అని రాసి ఉన్న వోచర్ మీద సంతకం పెట్టే ముందు ఆ మొత్తం మీకు సమ్మతమో కాదో తేల్చుకోండి. తిరస్కరిస్తే ఏ నిబంధన కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. మొదట కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' పోర్టల్లోనూ, 155255 నంబరులోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాది లోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాసులకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రూ.50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం దానికి ఉంది, తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. మీరు తీసిన ఫొటోలు, పంపిన ఈమెయిల్, జీఎస్టీ బిల్లు పట్టుకెళ్లండి.